నారింజ రంగు అద్దాలు, శివరాత్రి జాగారం

మహాశివరాత్రి నాడు శ్రీముఖలింగంలో వంశధార ఒడ్డంతా జనమే. మధుకేశ్వరుని గుడి మొదలు సోమేశ్వరాలయం దాకా దీపాలే. పంచాంగం ప్రకారం అది బహుళ చతుర్దశి, నెలలోకెల్లా చిక్కటి చీకటి రాత్రుల్లో ఒకటి. దాన్ని మనం ఎల్‌ఈడీలతో తరిమేస్తాం. తప్పనను, పండుగ పండుగే. కాని బైపోలార్ రుగ్మత ఉన్నవారిని కూడా జాగారానికి కూర్చోబెట్టే ఇళ్ళ గురించి నాకు గట్టి అభ్యంతరం ఉంది.

ఒక్క రాత్రి నిద్ర చెడినా ఈ రోగుల్లో కొందరికి మేనియా, అంటే ఉద్రేకదశ, తలెత్తగలదు. వైద్యానికి శ్రీకాకుళమో విశాఖో పోవలసిన పల్లెల్లో దాన్ని దేవుడు పూనడంగా భావించి చేతులు జోడించేవారుంటే ఇక చెప్పేదేముంది?

కంటిలో మెలనాప్సిన్ అనే వర్ణకం గల కణాలున్నాయి. చూపు కన్నా వేళ తెలుసుకోవడమే వాటి ప్రధానమైన పని. 480 నానోమీటర్ల దరిదాపుల నీలికాంతి సోకితే అవి మెదడులోని గడియారానికి ఇంకా పగలేనని కబురంపుతాయి, మెలటోనిన్ తగ్గుతుంది. 2005లో మిలన్ వైద్యులు మేనియా రోగులను మందులతోపాటు రోజుకు 14 గంటల చొప్పున మూడు రోజులు చీకటిలో ఉంచి చూశారు. రోగం కొత్తగా తిరగబెట్టినవారికి మేలు కనిపించింది. అయితే మన ఊళ్ళలో మనిషిని గదిలో పెట్టడమంటే గొళ్ళెం పెట్టడమే గనుక, ఆ పద్ధతిని నేను కోరను.

2016లో నార్వేలో టోనే హెన్రిక్సెన్ బృందం దీనికి బదులు నీలికాంతిని ఆపే నారింజ రంగు కళ్ళద్దాలు పెట్టి చూసింది. సాయంత్రం 6 నుంచి ఉదయం 8 వరకు, ఏడు రోజులు. ఆ అద్దాలు పెట్టుకున్న 12 మందిలో మేనియా కొలమానం సగటున 14.1 పాయింట్లు తగ్గగా, తెల్లద్దాల 11 మందిలో 1.7 మాత్రమే తగ్గింది.

ఇరవై ముగ్గురు మరీ చిన్న సంఖ్య. పైగా తానే రంగు అద్దం పెట్టుకున్నాడో రోగికి తెలియకుండా దాచలేరు కదా! వారంతా ఆస్పత్రిలో మందులు వాడుతున్నవారు కూడా. కనుక లిథియం మానేసి అద్దాలు కొనుక్కోమనడం ద్రోహమే అవుతుంది. కళ్ళజోళ్ళ దుకాణాల్లో ‘బ్లూకట్’ పేరిట అంటగట్టే దాదాపు తెల్లని అద్దాలు ఇందుకు పనికిరావు. అసలైనవి పగలు పెట్టుకోకూడదు, పగటి వెలుతురు వారికీ కావాలి. డాక్టరును అడిగి, మందులకు తోడుగా, సాయంత్రాలు వాడి చూడడంలో మాత్రం నాకు తప్పు కనిపించదు.

జాగారం మాటకొస్తే, లిథియం వాడేవారు నీళ్ళు ముట్టని ఉపవాసం అసలే చేయరాదు. ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో ఆ మందు ప్రమాదకరంగా పెరుగుతుంది. పెద్దలకు నా మనవి ఇంతే: ఆ పిల్లవాణ్ణి పొద్దున గుడికి తీసుకువెళ్ళండి, తెల్లవారాక వంశధారలో స్నానం చేయించండి, రాత్రి మాత్రం దీపం ఆర్పి పడుకోనివ్వండి.