లాగిన్ లేని పాఠకుడు

మన యూనివర్సిటీ లైబ్రరీల వెబ్‌సైట్లలో ‘తాజా వార్తలు’ అని ఓ మూల ఉంటుంది. అక్షరాలు కింద నుంచి పైకి పాకుతుంటాయి, పక్కన ఎర్రగా ‘న్యూ’ అని మిణుకుమంటుంటుంది. ఏముంటాయి అందులో? ఫలానా డేటాబేస్ నెల రోజుల ట్రయల్. ఫలానా ప్రచురణ సంస్థ వారి వెబినార్, హాజరైతే సర్టిఫికెట్. ఇకపై హాస్టల్ నుంచి కూడా లాగిన్ కావచ్చు. ఆ వార్తలన్నీ ఓసారి వరసగా చదవండి. లైబ్రరీ సొంత బీరువాల్లో ఏముందో చెప్పే ముక్క ఒక్కటి దొరికితే మీ అదృష్టం. బయటి నుంచి అద్దెకు తెచ్చుకున్నది వార్త. డెబ్భై ఎనభై ఏళ్ళుగా ఇంట్లోనే ఉన్నది వార్త కాదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదు కదా.

అద్దె అని ఊరికే అనడం లేదు. 2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకాన్ని ఆమోదించింది. 2025 నుంచి 2027 దాకా, మూడేళ్ళకి 6,000 కోట్ల రూపాయలు. 30 అంతర్జాతీయ ప్రచురణ సంస్థలు, దాదాపు 13,000 ఈ-జర్నళ్ళు, 6,300 పైచిలుకు ప్రభుత్వ విద్యా, పరిశోధనా సంస్థలు. లబ్ధిదారులు 1.8 కోట్ల మంది అన్నారు. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ దీన్ని నడిపిస్తోంది. ఇది చెడ్డ పని అని నేననను. చిన్న ఊళ్ళో ప్రభుత్వ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే లెక్చరర్‌కి నిన్నటిదాకా అందని జర్నల్ ఇవాళ అందుతోందంటే సంతోషమే. కానీ ఇది చందా. చందా ఆగిన రోజున, ఒప్పందంలో వేరే షరతేదీ లేకపోతే, తలుపు మూసుకుంటుంది. ఏడాదికి సగటున 2,000 కోట్లు పోసిన తర్వాత లైబ్రరీ అరలో ఏం మిగులుతుందో ఎవరూ అడగడం లేదు. పైగా ఇది ప్రభుత్వ సంస్థలకే. మన రెండు రాష్ట్రాల్లో ఇంజనీరింగ్ పిల్లల్లో అత్యధికులు ప్రైవేటు కాలేజీల్లో ఉన్నారు. వాళ్ళు ఈ లెక్కలో లేరు. ఏ కాలేజీలోనూ లేని వాళ్ళం, అంటే సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి చదువుకునే వాళ్ళం, అసలే లేము.

లైబ్రేరియన్లని తిట్టడం తేలిక. వాళ్ళ మెడ మీద కత్తి ఒకటుంది, దాని పేరు నాక్. నాక్ లెక్కల్లో ఈ-జర్నళ్ళకి చందా ఉందా, పుస్తకాల మీద, జర్నళ్ళ మీద ఎంత ఖర్చు పెట్టారు, బయటి నుంచి లాగిన్ అయ్యే వీలుందా అనేవన్నీ ఉంటాయి. మీ దగ్గరున్న పాత తెలుగు పత్రికల్ని ఎంతమంది బయటివాళ్ళు చదివారు అన్నదానికి మార్కులు నాకైతే కనపడలేదు. మార్కులొచ్చే పనే వార్త అవుతుంది. ఇందులో పెద్ద రహస్యమేం లేదు.

ఇంతకీ ఆ బీరువాల్లో ఏముందని ఇంత గోల? సాహిత్యం చదివేవాళ్ళకి ఒక్క ఉదాహరణ చాలు. తొలి తెలుగు కథ ఏదంటే చాలాకాలం మనం కళ్ళు మూసుకుని 1910లో ‘ఆంధ్రభారతి’లో వచ్చిన ‘దిద్దుబాటు’ అని చెప్పాం. పాఠ్యపుస్తకాలూ అదే చెప్పాయి. తర్వాతెప్పుడో ఎవరో పాత పత్రికలు తిరగేస్తే, 1902లో ‘హిందూ సుందరి’లో భండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’ కనపడింది. అదే మొదటిదా, దాన్ని కథ అనొచ్చా అనే వాదం ఇంకా నడుస్తోంది, నడవనివ్వండి. నా ఉద్దేశం ఏమిటంటే, ఆ సంచిక ఎక్కడో ఎవరో దాచి ఉంచబట్టి, ఇంకెవరో అది తెరిచి చూడబట్టి ఆ వాదమైనా పుట్టింది. తెరవని సంచికలు ఎన్నున్నాయో లెక్క లేదు. ఆనాటి న్యూస్‌ప్రింట్‌లో ఉండే ఆమ్లం ఆ కాగితాన్ని లోపల్నుంచే తినేస్తుంది. ముందు పసుపు, తర్వాత గోధుమరంగు, ఆ తర్వాత వేలు పెడితే పొడి. ఇది నిదానంగా కాలిపోవడమే. మన సాహిత్య చరిత్రలో ఆడవాళ్ళు, దళితులు, తెలంగాణ రచయితలు ఎక్కడెక్కడ తప్పిపోయారో వెతకాలంటే పుస్తకాలు చాలవు. పుస్తకంగా వేయించుకునే స్తోమత లేనివాళ్ళ రాతలు పత్రికల్లోనే ఉండిపోయాయి.

వెళ్ళి చూడొచ్చు కదా అంటారు. నాకు తెలిసిన ఒకమ్మాయి వెళ్ళింది. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నిజాం కాలంలో తెలుగు పత్రికలకి ఆడవాళ్ళు రాసిన ఉత్తరాల మీద ఆసక్తి. ఒక యూనివర్సిటీ లైబ్రరీకి (పేరెందుకు లెండి) ఉద్యోగానికి సెలవు పెట్టి వెళ్ళింది. ఏ డిపార్ట్‌మెంటమ్మా? మీ గైడ్ ఎవరు? లెటరేదీ? మూడో సారికి ఎవరో ప్రొఫెసర్ గారి సంతకంతో లోపలికి రానిచ్చారు. బౌండు వాల్యూములు ముట్టుకుంటే రాలిపోతున్నాయి కాబట్టి జిరాక్స్ కుదరదన్నారు, సబబే. ఫోనుతో ఫొటో తీసుకుంటానంటే అదీ కుదరదు. మీరు స్కాన్ చేశారా? లేదు. మేం నలుగురం కలిసి, మా ఖర్చుతో, మీ ఎదురుగానే చేసి, ఆ ఫైళ్ళు మీకే ఇస్తాం, సరేనా? పై నుంచి పర్మిషన్ రావాలి. అది ఇప్పటిదాకా రాలేదు. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు.

సరే, ఆ పత్రిక అక్కడుందని ముందుగా తెలియడమైనా ఎలా? చాలాచోట్ల కేటలాగు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది. ‘కృష్ణశాస్త్రి’ కోసం వెతకాలంటే ‘శాస్త్రి’ చివర ఐ పెట్టారా వై పెట్టారా, మొదట్లో ఎస్ పక్కన హెచ్ ఉందా లేదా, పేరంతా ఒక ముక్కా రెండు ముక్కలా అని జూదమాడాలి. మనవాళ్ళు ఫోన్లో తెలుగులో టైపు చేసి కూరగాయలు కొంటున్నారు. తెలుగు పుస్తకాన్ని తెలుగు లిపిలో వెతికే వీలు మాత్రం చాలా తెలుగు విశ్వవిద్యాలయ లైబ్రరీల్లో ఇప్పటికీ విడ్డూరమే.

యూనివర్సిటీలు చెయ్యని ఈ పని ఎవరు చేశారో చూస్తే సిగ్గేస్తుంది. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు గారు, రిటైరైన బడిపంతులు, తన అవార్డుల డబ్బు పెట్టి 1997లో కథానిలయం కట్టారు. తెలుగు కథ మీద పని చేసేవాళ్ళు ఇవాళ ముందు తట్టే తలుపు అదే, ఆన్‌లైన్లో కూడా. ప్రెస్ అకాడమీ ‘భారతి’, ‘ఆంధ్రపత్రిక’ లాంటివి స్కాన్ చేయించి జనానికి ఇచ్చింది. వికీసోర్స్‌లో ముక్కూ మొహం తెలియని వాళ్ళు రాత్రిళ్ళు కూర్చుని యంత్రం తప్పుగా చదివిన ‘మ’ని ‘వు’ నుంచి విడదీస్తున్నారు, జీతం లేకుండా.

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా సంగతి కాస్త వివరంగా చెప్పాలి. మన చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి గారి ‘మిలియన్ బుక్’ కలలోంచి వచ్చిందది. బెంగళూరు ఐఐఎస్‌సీ, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ లాంటి సంస్థలు పాలుపంచుకున్నాయి. తెలుగు పుస్తకాలు వేలల్లో స్కాన్ అయ్యాయి. ఒక్కో పేజీ ఒక్కో టిఫ్ ఫైలుగా దించుకున్న రోజులు కొంతమందికి గుర్తుండే ఉంటాయి. ఇంత చేసి, పుస్తకాల పేర్లు ఎక్కించే పని మాత్రం తెలుగు రానివాళ్ళకి అప్పజెప్పారేమో అనిపిస్తుంది. దీర్ఘాలు పోయాయి, ఒత్తులు పోయాయి, రచయిత పేరు సంపాదకుడికి, సంపాదకుడి పేరు ముద్రాపకుడికి వెళ్ళింది. 2017 ప్రాంతంలో ఆ సైటు పనిచెయ్యడం మానేసింది. స్వచ్ఛందంగా కొందరు ఆ ఫైళ్ళు ఇంటర్నెట్ ఆర్కైవ్‌కి ఎక్కించి ఉండకపోతే మనకి మిగిలేది ఆ కల ఒక్కటే. ఇవాళ మనం ఫోన్లో చదివే పాత తెలుగు పుస్తకాల్లో చాలావాటి చిరునామా శాన్‌ఫ్రాన్సిస్కో సంస్థది.

అమెరికా మాట వచ్చింది కనుక ఇది కూడా వినండి. 1962 నుంచి పీఎల్-480 పథకం కింద, మనకి అమ్మిన గోధుమల తాలూకు రూపాయలతోనే, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ళ ఢిల్లీ ఆఫీసు ద్వారా మన పుస్తకాలు కొని అక్కడి యూనివర్సిటీలకి పంచారు. అక్కడి లైబ్రరీలు తమ పుస్తకాల్ని స్కాన్ చేయించి 2008లో మొదలైన హాతీట్రస్ట్‌లో పెట్టాయి. అక్కడ 1910ల్లో రాజమండ్రిలోనో మద్రాసులోనో అచ్చయిన పుస్తకం ఉందనుకోండి. అమెరికా చట్టం ప్రకారం దానికి హక్కుల గొడవ తీరిపోయింది కాబట్టి న్యూజెర్సీలో కూర్చున్న తెలుగువాడికి పూర్తిగా తెరుచుకుంటుంది. బయటి దేశాల విషయంలో వాళ్ళు ఇంకా పాత పుస్తకాలకే ధైర్యం చేస్తారు. కాబట్టి ఆ పుస్తకం సంగతి ఎవరైనా ప్రత్యేకంగా తేల్చితే తప్ప, రాజమండ్రి వాడికి పేజీ కనపడదు. వాళ్ళని తప్పుపట్టి లాభం లేదు, వాళ్ళు తమ లాయర్ల మాట విన్నారు. అదే పుస్తకం మన లైబ్రరీలో ఉండీ మనం తెరవకపోవడానికి ఏ లాయరు అడ్డుపడ్డాడు?

కాపీరైట్ అంటారు. ఈ మాట అన్న ప్రతిసారీ చట్టం తీసి చూపించాలి. మన దేశంలో రచయిత చనిపోయాక 60 ఏళ్ళ వరకే హక్కులు. అచ్చమాంబ 1905లో పోయారు. గురజాడ 1915లో, కందుకూరి 1919లో, సురవరం ప్రతాపరెడ్డి 1953లో, ఉన్నవ 1958లో. వీళ్ళు బతికుండగా అచ్చయిన ప్రతి అక్షరం ఇప్పుడు మనందరిదీ. ఎవరి అనుమతీ అక్కర్లేదు. చలం 1979లో పోయారు కాబట్టి 2039 చివరిదాకా ఆగాలి, ఒప్పుకుంటాను. అలాంటివాటికి కూడా 2012 సవరణతో సెక్షన్ 52లో దారి చూపించారు. లాభాపేక్ష లేని పబ్లిక్ లైబ్రరీ తన దగ్గర అచ్చుప్రతి ఉన్న రచనని, భద్రపరచడం కోసం డిజిటల్‌గా దాచుకోవచ్చు. ప్రజల డబ్బుతో నడిచే యూనివర్సిటీ లైబ్రరీ ఆ మాట కిందికి రాదని ఎవరైనా వాదిస్తే వినాలనుంది. నెట్‌లో పెట్టొద్దు, సరే. పొడైపోకముందు స్కాన్ చేసి లోపల కంప్యూటర్లో చూపించడానికేం?

పరిశోధన గ్రంథాల కథ ఇంకోటి. 2009 యూజీసీ నిబంధనల పుణ్యమా అని పీహెచ్‌డీలు శోధ్‌గంగలోకి ఎక్కుతున్నాయి, ఎవరైనా చూడొచ్చు, మంచిదే. తెలుగు శాఖల గ్రంథాలు తెరవండి. చాలావరకు అను ఫాంట్లలో టైపు చేసినవో, ప్రింటు తీసి మళ్ళీ స్కాన్ చేసినవో. కాపీ చేస్తే తెలుగు బదులు చైనా మంత్రాలొస్తాయి. ఒక మాట వెతికితే దొరకదు. దానికి గూగుల్‌నీ కృత్రిమ మేధనీ తిట్టుకుంటాం, తెలుగు రాదని. మనం పెట్టని అన్నం అవెక్కడ తింటాయి?

1930ల్లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా డెల్టా కాలవల్లో పడవ మీద లైబ్రరీ నడిపారు. పడవ ఎక్కేవాళ్ళని గైడ్ ఎవరని అడిగినట్టు నేనెక్కడా చదవలేదు.

స్కానర్లకి బడ్జెట్ లేదంటారని తెలుసు. కాబట్టి అది తర్వాత చూసుకుందాం. ముందు జాబితా పెట్టండి. ఏ పత్రిక, ఏ ఏడాదివి, ఏ నెల సంచికలు మీ దగ్గరున్నాయి, ఏవి పోయాయి, ఏవి చేత్తో పట్టుకోదగ్గ స్థితిలో ఉన్నాయి. తెలుగు లిపిలో. ఎమ్మే తెలుగు పిల్లలు పదిమందికి ఒక సెమిస్టర్ ప్రాజెక్టుగా ఇస్తే, ఎవడికీ అక్కర్లేని ఇంకో ‘సమగ్ర పరిశీలన’ కన్నా బాగా చేస్తారు. దీనికి చందా కట్టక్కర్లేదు, వెబినార్ పెట్టక్కర్లేదు, ఒక ఎక్సెల్ షీటు చాలు. ఆ షీటుకి మాత్రం పాస్‌వర్డ్ పెట్టకండి.