వేయి రూపాయల న్యాయము

గూడూరులో హెల్మెట్టు లేని మోటారు సైకిలువానిని నడివీథిలో నిలిపి జుల్మానా వ్రాయుట చూడనివారు లేరు. మోటారు వాహనముల చట్టము 129వ విభాగము నడుపువాడును, వెనుక కూర్చుండువాడును శిరస్త్రాణము ధరింపవలెనని శాసించుచున్నది. ధరింపనిచో 2019లో చేర్చిన 194-డి విభాగము క్రింద వేయి రూపాయల జుల్మానా, మూడు నెలలు లైసెన్సు రద్దు. మేము దీనిని ఆక్షేపింపము. 2022లో దేశమున రోడ్డు ప్రమాదములందు 1,68,491 మంది మరణించిరని కేంద్ర ప్రభుత్వ నివేదికయే చెప్పుచున్నది. నూటికి నలుబది నలుగురికి పైగా ద్విచక్ర వాహనములవారే. హెల్మెట్టు లేక చనిపోయినవారు 50,029 మంది. వారిలో 14,337 మంది వెనుక కూర్చుండినవారు. ఇంటి యజమానుడు తన తలకు మాత్రము హెల్మెట్టు తగిలించి, భార్యను వెనుక నొక ప్రక్కగా కూర్చుండబెట్టి, ఆమె యొడిలో బిడ్డ నుంచి నెల్లూరికి పోవుచున్నాడు. ఆ యింటి కొక్క తలయే యున్నదా?

ఆ యొక్క హెల్మెట్టైనను ఎట్టిది? 2021 జూను 1 నుండి ఐ.యస్.ఐ. ముద్ర లేనివి అమ్మరాదని యాజ్ఞ. బాట ప్రక్కన కుప్పపోసి యమ్మెడి డొప్పలు రసీదు నుండి రక్షించును గాని రాతి దెబ్బనుండి రక్షింపవు. చీర కొంగు చక్రమున చిక్కకుండ వెనుక చక్రము సగమైనను కప్పవలెనని 1989 నాటి నిబంధనలు చెప్పుచుండగా, మన యువకులు సొగసు కొరకు ఆ కప్పును ఊడబెరికించుచున్నారు. వీరిని దండించిన మాకు జాలి లేదు.

కాని దొరికినవాడే దొంగ, దొరకనివాడు దొర యగుట న్యాయమా? అదే చట్టమున, అదే 2019లో, 198-ఏ యను విభాగము చేర్చబడినది. రోడ్డును రూపొందించు, నిర్మించు, మరమ్మతు చేయు అధికారిగాని కంట్రాక్టరుగాని నిర్ణీత ప్రమాణములు పాటింపక, దానివలన మరణమో అంగవైకల్యమో కలిగినచో, లక్ష రూపాయల వరకు జుల్మానా. హెల్మెట్టు మరచినవాడు ఎవరికిని హాని చేయకున్నను జుల్మానా చెల్లింపవలెను. బాట చెడగొట్టినవానిని ప్రాణము పోయినగాని చట్టము పలుకరింపదు! పలుకరించుటయైనను ఎన్నిమార్లు జరిగినదో అధికారులు లెక్క చెప్పుదురుగాక.

పూర్వము అయిదవ నంబరు, ఇప్పుడు పదునారవ నంబరు జాతీయ రహదారి మనూబోలు, చిల్లకూరు, నాయుడుపేటల మీదుగా పోవుచున్నది. రోడ్డున కీవల ఇల్లు, ఆవల పొలము. దాటు సందు దూరమున నున్నది. నిమ్మకాయల బస్తా వేసికొన్న రైతు ఎదురుదారిన వచ్చి లారీ క్రింద పడినచో, నియమమును మీరెనని కాగితము వ్రాసి మూసివేయుదురు. మీరినమాట నిజమే. అట్లు మీరక పొలము చేరు త్రోవను వానికి విడువనివా డెవడు? రాత్రివేళ దీపము లేక బాట అంచున నిలిపిన లారీని వెనుకనుండి గుద్దుకొనువాని సంగతియు నింతే.

ఇక సైకిలువాని గోడు వినువాడే లేడు. దీపము లేని సైకిలును పోలీసులు పట్టుకొన్న దినములు మన పెద్దలెరుగుదురు. ఇప్పుడు పట్టుకొనువారును లేరు, దీపమును లేదు. 'బడికొస్తా' పథకము క్రింద ఆడుబిడ్డలకు సైకిళ్లు పంచిన ప్రభుత్వము, అవి నడుచుటకు లారీలు తగులని మూరెడు బాటనైన నీయలేదు.

వకీళ్లు విభాగములు వెదకుదురే కాని వాహనము నడుపువాని కెచ్చరిక యుండిన చాలునని కొందరు మిత్రులు మాతో వాదించిరి. తానెంత యెచ్చరికగా నున్నను చీకటిలో కనబడని గుంతను తప్పించుకొనుట యెట్లు?

198-ఏ విభాగమున నొక మెలిక గలదు. బాట ప్రమాదకరముగా నున్నదని అధికారికి తెలియునా, తెలిసియుండవలసినదా, హెచ్చరిక పలక పెట్టెనా యని న్యాయస్థానము విచారింపవలెను. కావున 'మాకు తెలియదు' అను మాటకు తావీయరాదు. పఠనాలయమునకు వచ్చువారు తమ వాడలోని గుంతను, వెలుగని దీపమును, డివైడరు సందును గుర్తించి, స్థలము, తేదీ వేసి, పురపాలక సంఘమునకో, రోడ్లు భవనముల శాఖకో, జాతీయ రహదారుల వారికో స్పీడు పోస్టులో అర్జీ పంపి, ముట్టిన రసీదును భద్రపరుపవలెను. రేపు అచట నెవరైన పడినచో ఆ రసీదే సాక్ష్యము. వ్రాయనేరనివారు మా కార్యాలయమునకు వచ్చినచో ఉచితముగా వ్రాసి పెట్టుదుము.