పొగడ్త ముందు... బిల్లు వెనక!

కథలూ కవితలూ రాసుకునే అక్కచెల్లెళ్ళకు ఈ వారం నాలుగు మాటలు.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ఇంటిపని అయ్యాక ఫోనులోనే రాసుకునే ఆడవాళ్ళు ఇప్పుడు చాలామంది ఉన్నారు. సంతోషమే. కానీ ఫేస్‌బుక్‌లో రెండు కవితలు పెట్టగానే ఎక్కడినుంచో మెసేజి వచ్చి వాలుతుంది. "మేడమ్, మీ రచన అద్భుతం. మా సంకలనానికి ఎంపికైంది!" ఆ వెనకే ఫీజు మాట. ఇవాళే కట్టాలని తొందర.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలదూ? ఇక్కడ చూడాల్సిన మెతుకు డబ్బు. పుస్తకాలు పాఠకులకు అమ్మి బతికే ప్రచురణకర్త ఏరి ఏరి తీసుకుంటాడు, నచ్చకపోతే తిప్పి పంపుతాడు. రాసినవాళ్ళ దగ్గరే వసూలు చేసేవాడికి అందరి రచనా అద్భుతమే!

అమెరికాలో కొందరు రచయితలు ఒక సంస్థను పరీక్షించాలని కావాలనే చెత్త నవల రాశారు. ఒకే అధ్యాయం రెండుసార్లు పెట్టారు, ఒకటి అసలు రాయనేలేదు. అయినా 2004లో పబ్లిష్‌అమెరికా అనే ఆ సంస్థ దాన్ని అచ్చుకు ఒప్పుకుంది. సంగతి బయటపడ్డాక వెనక్కి తగ్గింది.

మరి గుర్తుపట్టేదెట్లా?

1. మీ కథలో ఏముందో ఒక్క ముక్కా చెప్పకుండా ఉత్త పొగడ్తలే ఉంటే, అది పదిమందికీ పంపిన మెసేజే.

2. ఐ.ఎస్.బి.ఎన్. నంబరుకని వేలు అడుగుతారు. మన దేశంలో రాజా రామమోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఆ నంబరు ఉచితంగా ఇస్తుంది. రచయితలు సొంతంగానూ అడగొచ్చు.

3. ఫీజు లేదంటూనే "యాభై కాపీలు మీరే కొనాలి" అంటే అదీ ఫీజే.

4. ఒప్పందం చదవకుండా సంతకం పెట్టొద్దు. 1957 కాపీరైటు చట్టం ప్రకారం, హక్కులు రాసిచ్చిన కాగితంలో గడువు లేకపోతే అయిదేళ్ళే చెల్లుతుంది. "శాశ్వతంగా" అని రాసి ఉంటే మాత్రం ఆ రక్షణ ఉండదు.

5. వాళ్ళు వేసిన పుస్తకం ఒకటి తెప్పించుకుని చూడండి. అందులో రాసినవాళ్ళతో మాట్లాడండి.

సొంత డబ్బుతో పుస్తకం వేసుకోవడం తప్పేం కాదు. మన తెలుగులో అది పాత పద్ధతే. అప్పుడు నేరుగా ప్రెస్సుకే వెళ్ళి కాగితం, బైండింగు, కాపీల లెక్క మాట్లాడుకోండి. పుస్తకాలన్నీ మన ఇంటికి రావాలి, హక్కులూ మన దగ్గరే ఉండాలి.

ఇప్పటికే డబ్బు పోయిందా? ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయండి. మెసేజిలు, డబ్బు కట్టిన రసీదులు చెరిపేయకండి. నలుగురూ నవ్వుతారని దాచుకోవద్దమ్మా. చీటీ పాడుకున్న డబ్బులు పోవడం ఒక బాధ. ఆ సిగ్గుతో రాయడమే మానేస్తే అంతకంటే పెద్ద నష్టం. పత్రికలకు పంపుతూనే ఉండండి. తిరిగొచ్చిన కథను దిద్ది మళ్ళీ పంపొచ్చు, దానికి ఎవరికీ ఫీజు కట్టక్కర్లేదు.