మిల్లు పోయింది, రేవు మిగిలింది

2024 మార్చి 26న అమెరికాలోని బాల్టిమోర్‌లో డాలీ అనే కంటైనర్ ఓడ కరెంటు పోయి కీ బ్రిడ్జిని గుద్దేసిన వీడియో మీ ఫోన్‌కీ వచ్చే ఉంటుంది. బ్రిడ్జి మీద రాత్రి డ్యూటీలో రిపేర్లు చేస్తున్న ఆరుగురు కార్మికులు చనిపోయారు. ఓడ సిబ్బందిలో దాదాపు అందరూ మన ఇండియన్సే. శిథిలాలు దారికడ్డంగా పడటంతో బ్రిడ్జికి లోపలివైపున్న టెర్మినల్స్‌కి ఓడల రాకపోకలు ఆగిపోయాయి. మా సాఫ్ట్‌వేర్ వాళ్లు దీన్ని ‘సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్’ అంటారు. ఒక్కటి పోతే అంతా పోయినట్టే.

కానీ ఒక్కచోటికి మాత్రం ఓడలు వస్తూనే ఉన్నాయి. దాని పేరు స్పారోస్ పాయింట్. అది బ్రిడ్జికి బయట, చీసాపీక్ అఖాతం వైపు ఉంది. కార్లు తెచ్చే ఓడల్ని అటు మళ్లించారు. నీళ్లలోంచి తీసిన బ్రిడ్జి ఇనుమునీ అక్కడికే చేర్చారు.

ఇనుము ఆ నేలకి కొత్తేం కాదు. 1880ల చివర్లో అక్కడ ఉక్కు మిల్లు మొదలైంది. 1916లో బెత్లెహెమ్ స్టీల్ చేతికొచ్చింది. 1950ల చివరికల్లా ప్రపంచంలోనే అతిపెద్ద ఉక్కు మిల్లు అయ్యింది. దాదాపు 30 వేల మందికి పని. శాన్‌ఫ్రాన్సిస్కో గోల్డెన్ గేట్ బ్రిడ్జి ఉక్కులో కొంత అక్కడిదే. 2001లో కంపెనీ దివాలా తీసింది. మిల్లు చేతులు మారీ మారీ 2012లో ఆగిపోయింది.

మరి అక్కడే పోర్టు ఎందుకు? ఒకప్పుడు ముడి ఖనిజం దించుకోవడానికి మిల్లుకి లోతైన నీళ్లు, బెర్తులు, రైలు పట్టాలు కావాల్సొచ్చాయి. ఈరోజు పోర్టుకి కావాల్సిందీ అదే. పైగా 3,300 ఎకరాలు ఒకేచోట ఉన్నాయి. ట్రేడ్‌పాయింట్ అట్లాంటిక్ అనే కంపెనీ ఆ స్థలం తీసుకున్నాక అమెజాన్, ఫెడెక్స్ గోడౌన్లు వచ్చాయి. ఎంఎస్‌సీ షిప్పింగ్ గ్రూపుతో కలిసి 165 ఎకరాల్లో కంటైనర్ టెర్మినల్ కడతామని 2022లో ప్రకటించారు. ఖర్చు సుమారు 100 కోట్ల డాలర్లు.

ఇదంతా తేలిగ్గా అయ్యే పని కాదు. పెద్ద ఓడలు రావాలంటే అడుగున పూడిక తీయాలి. ఆ బురదలో మిల్లు వదిలిన విషాలున్నాయి. తీసిన మట్టిని ఎక్కడ పోస్తారన్నది చుట్టుపక్కల వాళ్ల భయం. నేలనీ, భూగర్భజలాన్నీ శుభ్రం చేయడానికి కోట్ల డాలర్లు పక్కన పెట్టాల్సొచ్చింది.

నేలకైతే ఇలా బడ్జెట్ దొరికింది. మనుషుల సంగతే వేరు. దివాలా తర్వాత, 2003లో బెత్లెహెమ్ రిటైర్డ్ ఉద్యోగుల హెల్త్ ఇన్సూరెన్స్ ఆపేశారు. కొంతమందికి పెన్షన్ కూడా తగ్గింది. జీవితమంతా కొలిమి దగ్గర గడిపిన మనిషికి, పదేళ్ల తర్వాత అదే స్థలంలో గోడౌన్ లేచిందంటే ఒరిగేదేంటి? అదే మట్టి మీద కొత్త ఉద్యోగాలు వచ్చాయి నిజమే, కానీ అవి వేరే పనులు, వేరే జీతాలు.

2021లో వైజాగ్ స్టీల్ అమ్మకం మాట వచ్చినప్పుడు మన దగ్గరా భూముల విలువ మీద బోలెడు చర్చ జరిగింది. పక్కనే గంగవరం పోర్టు కూడా ఉందాయె. సముద్రం ఒడ్డు భూమికి ఎప్పుడైనా కొనేవాడు దొరుకుతాడు. అందుకే ఈసారి ఎక్కడైనా ‘పాత ఫ్యాక్టరీ స్థలంలో కొత్త ప్రాజెక్టు, వేల ఉద్యోగాలు’ అన్న వార్త కనిపిస్తే, షేర్ కొట్టేముందు ఒక్క ప్రశ్న అడగండి: పాత వాళ్ల బకాయిలు తీరాయా?