బోర్డు మారింది, మనిషి మాటేమిటి?

బొగ్గు బాయి సంగతి తెలియని ఇల్లు మందమర్రిలో ఉండదు. బాయిలో గాలి మంచిదో కాదో కంటికి కనిపించదు. బొగ్గు తనంత తానే రాజుకుంటే కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంది. మీథేన్ అయిదు శాతానికి చేరితే పేలుడుకు నిప్పురవ్వ చాలు. బొగ్గు గనుల గాలిలో ఏ వాయువు ఎంత ఉన్నదో తేల్చే యంత్రాలలో గ్యాస్ క్రొమటోగ్రాఫ్ ఒకటి.

ఇటువంటి యంత్రం అమ్మడం సబ్బుబిళ్ల అమ్మినట్లు కాదు. అమ్మేవారు సైన్సు చదివి ఉండాలి. ఏ పరీక్షకు ఏ అమరిక కావాలో చెప్పాలి. తరువాత చిక్కు వస్తే కొన్నవారు మొదట ఫోను చేసేది వారికే. ఆ నమ్మకం కుదరడానికి ఏళ్లు పడుతుంది. కంపెనీ చేతులు మారితే అది ఒక్కరోజులో చెదరవచ్చు.

అమెరికాలోని వేరియన్ కంపెనీని 2010లో ఎజిలెంట్ సుమారు 150 కోట్ల డాలర్లకు కొన్నది. రెండూ క్రొమటోగ్రాఫులు తయారుచేసేవే. పోటీ దెబ్బతింటుందని నియంత్రణ సంస్థలు అభ్యంతరం చెప్పడంతో, వేరియన్ ప్రయోగశాల గ్యాస్ క్రొమటోగ్రాఫుల వ్యాపారం బ్రూకర్ చేతికి పోయింది. 2014లో బ్రూకర్ దానిని టెక్‌కాంప్‌కు అమ్మింది. నాలుగేళ్లలో ఒకే సరుకుకు ముగ్గురు యజమానులు!

ఇటువంటి మార్పులో ముందుగా నలిగేది సేల్స్ సిబ్బందే. ఒకే ప్రాంతానికి ఇద్దరు తేలితే ఒకరు మిగులు. నిన్న ఎదుటి కంపెనీ యంత్రంలో లోపాలు ఎంచిన నోటితోనే నేడు దానిని మెచ్చుకోవాలి. నెలల తరబడి తిరిగి కుదిర్చిన ఆర్డరుపై కమీషన్ ఎవరి ఖాతాకు పోతుందో తెలియదు. కొన్నవారు మాత్రం విడిభాగాల కోసం పాతమనిషినే నిలదీస్తారు.

సింగరేణి కూడా చేతులు మారిన కంపెనీయే. 1945లో నిజాం ప్రభుత్వం అందులో అధిక వాటాలు కొన్నది. కానీ నేటి బాయి కార్మికునికి సంఘం ఉన్నది, జాతీయ బొగ్గు వేతన ఒప్పందం ఉన్నది. సేల్స్ ఉద్యోగికి చాలాచోట్ల నియామక పత్రమే దిక్కు. సంస్థ బదిలీ అయినప్పుడు పరిహారం ఇవ్వాలన్న నిబంధన 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో ఉండేది. అది చట్టం దృష్టిలో ‘వర్క్‌మన్’ అయినవారికే. మందుల కంపెనీల ప్రతినిధులు ఆ నిర్వచనంలోకి రారని 1994లో సుప్రీంకోర్టు తేల్చింది. పైగా వాటాలు మాత్రమే చేతులు మారితే చట్టం లెక్కలో యజమాని మారనట్లే.

సైన్సు చదివిన కార్మికుల పిల్లలు ఇటువంటి కొలువులకు పోయే కాలమిది. కనుక పాత సర్వీసు, జీతం, రావలసిన కమీషన్ కాపాడతామని కొనే కంపెనీ వ్రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి. చట్టంలోని ఈ సందును ప్రభుత్వం పూడ్చాలి. యంత్రాలు కొనే సంస్థలు కూడా, యజమాని మారినా మరమ్మతు ఆగదన్న షరతు టెండరులోనే పెట్టాలి. యంత్రం విలువ దాని వెనుక నిలిచే మనిషితోనే. బాయిలో దిగే ప్రాణాలకు ఆ మనిషి అవసరం.