సాక్షుల నోళ్లు కలుపనేల?

పరిశుద్ధ గ్రంథమునందు పరస్పరవిరుద్ధములుగా గానవచ్చు తావులను ఏరి, పట్టికలు గట్టి, వానినే ఆ గ్రంథముపై ఆయుధములుగా ప్రయోగించుట నేటి వింత గాదు. పాశ్చాత్యదేశములలో టామస్ పేన్ 1794 మొదలుకొని ప్రకటించిన ‘ఏజ్ ఆఫ్ రీజన్’ నందు యేసు వంశావళులు రెండింటిని ఎదురెదురుగా నిలిపి అవహేళన చేసెను. మన దేశమున దయానంద సరస్వతి ‘సత్యార్థప్రకాశము’ పదుమూడవ సముల్లాసమున బైబిలు వాక్యములను ఒక్కొక్కటిగా నెత్తి విమర్శించెను. ఇట్టివారికి సమాధానము చెప్పుట క్రైస్తవుని విధియే. కాని ఆ సమాధానము చెప్పు తీరును గూర్చి మన సంఘములలో నొక అభిప్రాయము లోతుగా వేరూని యున్నది. లేఖనము దేవుని వాక్యమైనచో దాని యందలి యే రెండు తావుల నడుమను వెంట్రుకవాసి భేద ముండరాదనియు, ఉన్నట్లు తోచినచో ఏదో యొక ఊహచేనైనను దానిని పూడ్చి తీరవలెననియు, పూడ్చుటకు సంకోచించువాడు విశ్వాసమునుండి జారినవాడే యనియు ప్రసంగవేదికలనుండి తరచుగా వినుచున్నాము. ఈ అభిప్రాయము భక్తినుండి పుట్టినదే యని నే నెరుగుదును. అయినను ఇది లేఖనమునకు గౌరవము గాదు. భేద మున్నచోట సత్య ముండదను విమర్శకుని మూలసూత్రమునే విశ్వాసియు తలదాల్చి, అతడు గీచిన బరిలో నిలిచి పోరాడుట మాత్రమే.

నాలుగు సువార్తలను ఒక్కటిగా కుట్టివేయు ఆలోచన మనకు క్రొత్తగా తోచినది గాదు. ఇంచుమించు 170వ సంవత్సర ప్రాంతమున, జస్టిను శిష్యుడగు తాతియాను, నలుగురు సువార్తికుల మాటలను విడదీసి మరల గూర్చి, భేదములు పైకి కానరాకుండ ఒకే కథగా నల్లి ‘దియతెస్సరోను’ అను గ్రంథమును సిద్ధపరచెను. సురియాను భాష మాటలాడు సంఘములు దానిని ఆదరముతో స్వీకరించి తరతరములు ఆరాధనలో చదువుకొనెను. మన బోధకులు కోరుచున్న గ్రంథము సరిగా అదియే: ప్రశ్నలకు తావులేనిది, ఒకే కంఠముతో పలుకునది, విద్యార్థి చేతికి నిర్భయముగా ఇయ్యదగినది. అయితే ఐదవ శతాబ్దమున కుర్రు పట్టణపు బిషపు థియొదొరేతు తన మండలమున ఆ గ్రంథపు ప్రతులు 200కు మించి యుండుట కనుగొని, వానిని తొలగించి, వాని స్థానమున నాలుగు సువార్తలను నిలిపెను. తాతియాను వంశావళులను విడిచిపెట్టి క్రీస్తు దావీదు సంతానమను మాటను మరుగుపరచెనన్నది ఆ బిషపు ముఖ్యాక్షేపము. ఆక్షేపము ఏదైనను, సంఘము చేసికొన్న నిర్ణయము స్పష్టమైనది. భేదములు లేని ఒక్క గ్రంథము చేతిలో నుండగా, భేదములు గల నాలుగు గ్రంథములనే అది తన ప్రమాణముగా నిలుపుకొన్నది. నలుగురి భేదములను చూచి నేడు సిగ్గుపడువారు ఆ పూర్వుల వివేకమును తమకు తెలియకయే నిందించుచున్నారు.

భేదమును ఎట్లైనను తుడిచివేయవలెనను పట్టుదల మనుష్యుని ఎంతదూరము గొనిపోవునో చూడుడు. జర్మనీ దేశపు సంస్కరణనాయకులలో నొకడైన ఓసియాండరు 1537లో ప్రకటించిన సువార్తల సమన్వయగ్రంథమునందు, యాయీరు కుమార్తె వృత్తాంతము మత్తయిలో నొక క్రమమునను, మార్కు లూకాలలో మరియొక క్రమమునను ఉన్నందున, ఆ బాలిక ఒకసారి గాదు, రెండుసార్లు చనిపోయి లేపబడెనని నిశ్చయించెను! సువార్తికులు ప్రతి సంగతిని జరిగిన వరుసలోనే వ్రాయవలెనని వారిపై విధించినదెవరు? మార్కు తాను వినినదానిని సత్యముగా వ్రాసెనే గాని వరుసగా వ్రాయలేదని రెండవ శతాబ్దమునాటి పపీయ చెప్పినట్లు యుసేబియసు తన సంఘచరిత్రలో భద్రపరచియున్నాడు. ఓసియాండరు తరువాత కొలది కాలమునకే వ్యాఖ్యానము వ్రాసిన కాల్విను సైతము సువార్తికులు కాలక్రమమును అంతగా పాటింపలేదని అరమరలేక ఒప్పుకొనెను. అయినను ఆ పట్టుదల చావలేదు. 1976లో హెరాల్డ్ లిండ్సెల్ అను అమెరికా గ్రంథకర్త, పేతురు తన ప్రభువును ఎరుగనన్న సందర్భములు నాలుగు సువార్తలలో సరిపడనందున, పేతురు ఆరుమారులు బొంకెనను పరిష్కారమును తన పాఠకుల ముందుంచెను. మూడుమారులని నలుగురును చెప్పుచున్నారు. ఆరుమారులని ఒక్కడును చెప్పుట లేదు. నలుగురి మాటను కాపాడుటకై నలుగురును చెప్పని మాటను సృజించుట లేఖనమును నమ్ముట యెట్లగును?

ఇక సంఖ్యల సంగతి. రాజుల గ్రంథములను, దినవృత్తాంతములను ప్రక్కప్రక్కన నుంచుకొని చదువుడు. యెహోరాము 32 ఏండ్లవాడై రాజ్యమునకు వచ్చి 8 సంవత్సరములు ఏలెనని దినవృత్తాంతముల రెండవ గ్రంథము 21వ అధ్యాయము చెప్పుచున్నది. అనగా 40వ యేట మరణించెను. వెంటనే 22వ అధ్యాయమున అతని కడసారి కుమారుడగు అహజ్యా సింహాసనమెక్కునాటికి 42 ఏండ్లవాడని హీబ్రూ ప్రతి పాఠము. కడపటి కుమారుడు తండ్రికంటె రెండేండ్లు పెద్దవాడు కానేరడు. రాజుల రెండవ గ్రంథమున అతని ప్రాయము 22; ప్రాచీన సురియాను అనువాదమున దినవృత్తాంతములయందును 22 అనియే కలదు. ప్రతి వ్రాయువాని చేతిలో నొక సంఖ్య మారినదని గ్రహించుటకు ఇంతకంటె నిదర్శన మేల? అయినను ఆ 42 అహజ్యా వయస్సు గాదనియు, అతని తల్లి పుట్టింటివారగు ఒమ్రీ వంశము రాజ్యమునకు వచ్చినది మొదలు లెక్కించిన సంవత్సరములనియు వ్యాఖ్యానించినవారు కలరు. లేఖకుని చేతి పొరపాటును ఒప్పుకొనినచో ఆకాశము కూలునని వారి భయము. ఇంచుమించు 405లో జెరోమునకు వ్రాసిన లేఖలో అగస్టీను ఎంత నిబ్బరముగా మాటలాడెను! లేఖనమునందు సత్యవిరుద్ధముగా దోచున దేదైన కనబడినచో, ప్రతి తప్పై యుండవచ్చు, లేదా అనువాదకుడు పొరపడియుండవచ్చు, లేదా తనకు అర్థము కాలేదేమో యని ఆతని తలంపు. నేటి బోధకులు అగస్టీను పేరు చెప్పుకొనుచునే అతని మొదటి మాటను మరచిరి.

పునరుత్థాన దినపు ఉదయమే ఈ వివాదమునకు కేంద్రము గనుక అక్కడ కొంత నిలువవలసియున్నది. సమాధియొద్దకు వచ్చిన స్త్రీలు మార్కులో ముగ్గురు, మత్తయిలో ఇద్దరు, యోహానులో మగ్దలేనే మరియ యొక్కతెయే. ఇది విరోధమని విమర్శకుడు కేకవేయును. బోధకుడు చెమటలు క్రక్కుచు, స్త్రీలు గుంపులు గుంపులుగ ఎన్నిమారులు వచ్చిరో లెక్కలు వేయును. ఇరువురును యోహానును నిదానముగా చదువరు. ఆతడు మరియ యొక్కతె రాకనే చెప్పినను, ఆమె పరుగెత్తిపోయి పేతురుతో ప్రభువును ఎక్కడ ఉంచిరో తెలియదని చెప్పునపుడు తనను గూర్చి మాత్రమే గాక, తనతోడి వారినిగూడ కలుపుకొని బహువచనముననే మాటలాడుచున్నది. లూకాయు అంతే. సమాధికి పరుగెత్తినవాడు పేతురని 24వ అధ్యాయమున ముందు చెప్పి, అదే అధ్యాయమున ఎమ్మాయు త్రోవలో నడచుచున్న శిష్యునిచేత తమవారిలో కొందరు వెళ్లి చూచిరని పలికించెను. ఆ కొందరెవరో యోహాను చెప్పును: పేతురును, మరియొక శిష్యుడును. ఒకరిని పేర్కొనుట తక్కినవారు లేరని చెప్పుట గాదను సామాన్యసూత్రము ఇచ్చట మన ఊహ గాదు. ఆ రచయితలే తమ వ్రాతలో, తాము చూపవలెనని తలపకయే, చూపిపెట్టినది. నలుగురు గూడబలుకుకొని కల్పించియుండిన కథయైనచో ఇట్టి అతుకులు మిగులనిత్తురా? నాలుగవ శతాబ్దాంతమున క్రిసొస్తొము మత్తయి సువార్తపై చేసిన మొదటి ప్రసంగముననే ఈ వాదము కలదు: స్వల్పవిషయములయందలి భేదములే వారు కలిసి కుట్రపన్నలేదనుటకు సాక్ష్యములని.

దీనిపై విమర్శకుడు వేయదగిన గట్టి ప్రశ్న యొకటి గలదు; దానిని మన బోధకులు తాకనైన తాకరు. ప్రధానయాజకుని యెదుట యేసుపై పలికిన అబద్ధసాక్షుల సాక్ష్యములు ఒకదానికొకటి సరిపడలేదని మార్కు 14వ అధ్యాయమే చెప్పుచున్నది గదా. సరిపడకపోవుట అబద్ధమునకు గురుతైనచో, సువార్తికులకు మాత్రము వేరు న్యాయమా? వేరు న్యాయము వలదు. సాక్షులు దేనిని నిరూపించుటకు నిలిచిరో దాని విషయమున ఏకీభవింపవలెను; అంతే న్యాయము. ఆ అబద్ధసాక్షులు నేరము విషయముననే చెదరిపోయిరి. సువార్తికులు నలుగురు పొంతి పిలాతు కాలమున యేసు సిలువ వేయబడెననియు, అరిమతయియ యోసేపు ఆయనను సమాధిలో నుంచెననియు, విశ్రాంతిదినము గడచిన యుదయమున ఆ సమాధి వట్టిదైయుండెననియు, దానిని మొట్టమొదట చూచినవారు స్త్రీలనియు ఒక్కమాటగా చెప్పుచున్నారు. స్త్రీల సాక్ష్యమునకు విలువనీయని ఆ కాలమున కట్టుకథ కట్టువాడెవడును మొదటి సాక్షులుగా స్త్రీలను ఎన్నుకొనడు.

కొన్ని భేదములు పరిష్కారమునే కోరవు. మూర్ఖునికి వాని మూఢతచొప్పున ప్రత్యుత్తర మీయరాదని, ఈయవలెనని సామెతలు 26వ అధ్యాయమున నాలుగు, ఐదు వచనములు ఒకదాని వెంట నొకటి ఉన్నవి. వానిని ప్రక్కప్రక్కన నుంచిన జ్ఞానికి ఆ విరోధము కనబడలేదని యెవరు నమ్ముదురు? ఆ గ్రంథమును మరుగుచేయవలెనని యూదపండితులు కొందరు తలచి, విచారించిన మీదట రెండు వచనములకు రెండు సందర్భములు చూపి దానిని నిలిపిరని తల్మూదు తెలుపుచున్నది. మన దేశపు మీమాంసకులును అతిరాత్రయాగమున షోడశిపాత్రను గ్రహింపవలెననియు గ్రహింపరాదనియు చెప్పు రెండు శ్రుతివాక్యములు ఎదురైనపుడు దేనిని కొట్టివేయక, రెండును ప్రమాణములే గనుక వికల్పమని నిర్ణయించిరి. పౌలు విశ్వాసముచేత నీతిమంతుడగుననుటయు, యాకోబు క్రియలులేని విశ్వాసము మృతమనుటయు ఇట్టివే. ఒకడు తన క్రియలను నమ్ముకొనువానితోను, ఇంకొకడు క్రియలు మానుకొని కూర్చున్నవానితోను మాటలాడుచున్నాడు. దావీదు జనసంఖ్య చేయుటకు యెహోవా కోపమే ప్రేరకమని సమూయేలు గ్రంథమును, సాతాను ప్రేరకుడని దినవృత్తాంతమును చెప్పుట వినినవాడు యోబు మొదటి అధ్యాయమును చదివినచో, అనుజ్ఞ ఎవరిదో పని ఎవరిదో తానే వివేచించుకొనగలడు.

మరికొన్ని తావులలో మనకు తగిన ఆధారములు లేవు. యోసేపు తండ్రి మత్తయి చెప్పినట్లు యాకోబా, లూకా చెప్పినట్లు హేలీయా యను ప్రశ్నకు మూడవ శతాబ్దమున జూలియసు ఆఫ్రికానుసు, ధర్మశాస్త్రము ననుసరించి సంతానములేని సోదరుని భార్యను పెండ్లాడు ఆచారమును చూపి, ఒకరు కన్నతండ్రి, ఒకరు న్యాయప్రకారపు తండ్రి యని సమాధానము చెప్పెను. ఇది సంభవమే, నిరూపింపబడినది మాత్రము గాదు. కడరాత్రి భోజనము పస్కాభోజనమే యని మొదటి మూడు సువార్తలు తెలుపుచుండగా, మరునాటి ఉదయమున యేసును పట్టుకొనివచ్చినవారు ఇంకను పస్కా తినవలసియుండి, మైలపడుదుమని పిలాతు మందిరములో అడుగుపెట్టలేదని యోహాను చెప్పుచున్నాడు. రెండు పంచాంగములు వాడుకలో నుండెనని కొందరు, పస్కా యనుట ఆ వారమంతటి బలిభోజనములకును చెల్లునని కొందరు చెప్పుదురు. నాకు రెండవదియే మేలని తోచుచున్నను, యువకు డెవ్వడైన వచ్చి ఇది నిశ్చయమా యని అడిగినచో కాదనియే చెప్పుదును. సిలువ వేయబడినది విశ్రాంతిదినమునకు ముందటిదినమని నలుగురును ఏకముగా చెప్పిన తావులను తెరచి చూపుదును. తక్కినదానిని అతని యెదుట కల్పనతో పూడ్చను.