సైరన్ మోగకపోతే ఊరిని ఎవరు లేపాలి?

2020 మే 7 తెల్లవారుజామున మూడు గంటల వేళ విశాఖ శివారు ఆర్ఆర్ వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ ఆవిరి ఇళ్ల మీదికి వచ్చింది. సైరన్ మోగించే మీటలు 36 చోట్ల ఉన్నా ఒక్కటీ వాడలేదని ప్రభుత్వం వేసిన నీరబ్ కుమార్ ప్రసాద్ కమిటీ తర్వాత తేల్చింది. ఆ రాత్రి ఊరిని లేపింది మనుషులే. ఘాటుకు ముందుగా మెలకువ వచ్చినవాళ్లు పక్కింటి తలుపులు బాదారు. కబురందుకున్న పోలీసులు, చుట్టుపక్కల కుర్రాళ్లు కలిసి స్పృహ తప్పి రోడ్డు మీద, కాలవ గట్ల మీద పడిపోయినవాళ్లను మోసుకెళ్లారు. ఆవిరి పీల్చి కొందరు పోలీసులూ ఆసుపత్రి పాలయ్యారు. పన్నెండు మంది చనిపోయారు.

రెండు రోజులకే అదే గేటు దగ్గర పరిస్థితి మారిపోయింది. కర్మాగారాన్ని ఇక్కడి నుంచి తరలించాలంటూ గ్రామస్తులు మృతదేహాలతో బైఠాయించారు. మొన్న ప్రాణాలకు తెగించి జనాన్ని బయటికి తెచ్చిన శాఖే ఇప్పుడు అదే జనాన్ని గేటు ముందు నుంచి లేపే పనిలో పడింది. విశాఖలో పోలీసు–ప్రజా భాగస్వామ్యం గురించి మాట్లాడేవారు ఈ రెండు ఘటనలనూ కలిపే చూడాలి. ఆపద మీద పడ్డాక చేతులు కలపడం ఈ నగరానికి బాగా తెలుసు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విరుచుకుపడ్డాక కూలిన చెట్లు నరికి దారులు తెరిచినవాళ్లలో ఖాకీ వేసుకున్నవాళ్లూ ఉన్నారు, లుంగీ ఎగ్గట్టినవాళ్లూ ఉన్నారు. తేలవలసింది ఆపదకు ముందరి సంగతి. జనం పోలీసులకు చెప్పేది చాలా ఉంది, చెబుతూనే ఉన్నారు. పోలీసుల నుంచి, వారి వెనకనున్న యంత్రాంగం నుంచి జనానికి తిరిగి వచ్చేది మాత్రం బహు తక్కువ.

ఈ దూరానికి పాత చరిత్ర ఉంది. ఉక్కు కర్మాగారం కోసం జరిగిన ఉద్యమంలో 1966 నవంబరు 1న విశాఖలో పోలీసు కాల్పులు జరిగాయి. ఆ ఉద్యమంలో రాష్ట్రమంతటా 32 మంది ప్రాణాలు కోల్పోయారని ఈ ప్రాంతం ఇప్పటికీ తలుచుకుంటుంది. ఉక్కు వచ్చింది. దానికోసం భూములిచ్చిన పల్లెల జనం నిర్వాసితులుగా మిగిలి, ఉద్యోగాల కోసం ఏళ్ల తరబడి ధర్నాలు చేశారు. అలాంటి కుటుంబాలకు పోలీసంటే ముందు గుర్తొచ్చేది బారికేడే. 1983లో విశాఖ కమిషనరేట్ ఏర్పడింది. 2000 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పోలీసులు ‘మైత్రి’ పేరుతో ఊరూరా, వాడవాడా సంఘాలు పెట్టారు. ఆలోచన మంచిది. కానీ అలాంటి సంఘాలు ఒక అధికారి ఉత్సాహం మీద నిలబడతాయి, ఆయన బదిలీతో నీరసిస్తాయి. సభ్యులను స్టేషనే ఎంచుకున్నచోట, స్టేషన్‌కు నచ్చనిది చెప్పేవాళ్లకు చోటు దొరకడం కష్టం.

సముద్రం వైపు కథ కొంత వేరు. అక్కడ పోలీసులకు జనం లేకుండా గడవదు. 1971 డిసెంబరులో పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ రేవు బయట మునిగినప్పుడు, నీటి మీద తేలిన శకలాల కబురును ఒడ్డుకు తెచ్చింది మత్స్యకారులేనని చెబుతారు. 2008 నవంబరులో ముంబయిపై దాడికి వచ్చిన ముష్కరులు గుజరాత్‌కు చెందిన ‘కుబేర్’ అనే చేపల పడవను చేజిక్కించుకుని, చివరకు రబ్బరు పడవలో ఒక మత్స్యకార కాలనీ దగ్గరే దిగారు. వాళ్లను ముందుగా చూసి, ఎవరు మీరని అడిగింది కూడా అక్కడి జాలర్లే. ఆ తర్వాతే తీర భద్రత పథకానికి ఊపు వచ్చింది. మెరైన్ పోలీసు స్టేషన్లు పెరిగాయి, మత్స్యకారులకు బయోమెట్రిక్ కార్డులు వచ్చాయి, నౌకాదళం, కోస్ట్‌గార్డు, పోలీసులు కలిసి ‘సాగర్ కవచ్’ విన్యాసాలు చేస్తున్నారు. అనుమానాస్పద పడవ కనిపిస్తే 1093కో, కోస్ట్‌గార్డు నంబరు 1554కో ఫోన్ చేయాలని జాలరిపేటల్లో చెబుతారు. తూర్పు నౌకాదళ ప్రధాన స్థావరం, ఓడరేవు, చమురు శుద్ధి కర్మాగారం పక్కపక్కనే ఉన్న ఈ తీరంలో ఇది అవసరమే.

కానీ జాలరిని కాపలాకు ఉంచుకున్నంత శ్రద్ధ అతని గొడవ వినడంలో కనిపించదు. రింగు వలల సంగతే చూడండి. ఆ వలలతో తీరానికి దగ్గరగా వేట సాగిస్తే తమ వలల్లో చేప పడదని సంప్రదాయ మత్స్యకారులు ఎంతోకాలం మొరపెట్టుకున్నారు. 2022 జనవరిలో అది నడిసముద్రంలో కొట్లాటగా మారింది. పడవలు తగలబడ్డాయి, పెదజాలరిపేట, వాసవానిపాలెం పరిసరాల్లో 144 సెక్షన్ పెట్టాల్సి వచ్చింది. అదే ఏడాది వర్షాకాలంలో మళ్లీ రాజుకుంది. ఏ పేట ఎంత ఉడుకు మీద ఉందో ఊరి పెద్దలకు తెలుసు. మత్స్యశాఖను, మెరైన్ పోలీసులను, ఆ పెద్దలను నెలకొకసారి ఒకచోట కూర్చోబెట్టే అలవాటు ఉండి ఉంటే పికెట్లతో పని అంతగా పడేది కాదు. పోలీసులకు జాలరి కళ్లు కావాలంటే అతని నోటి మాట కూడా కావాలి.

2023 నవంబరు 19 రాత్రి చేపల రేవులో నలభై వరకు పడవలు కాలిపోయినప్పుడు, వదంతి ఎంత వేగంగా వ్యాపిస్తుందో నగరం చూసింది. అనుమానం ముందు ఒక యూట్యూబర్ మీద పడింది. పోలీసులు అతన్ని అదుపులోకి తీసుకుని ప్రశ్నించారు. సీసీ కెమెరాల దృశ్యాలు పట్టి చూశాక వేరే ఇద్దరిని అరెస్టు చేశారు. సిగరెట్ నిప్పు వలకు అంటుకోవడమే కారణమని తేల్చారు. కెమెరాలు నిజం వైపు నిలబడిన సందర్భమిది. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో తెచ్చిన ప్రజా భద్రత చట్టం ప్రకారం జనం ఎక్కువగా వచ్చిపోయే దుకాణాలు, ఆసుపత్రులు, విద్యాసంస్థలు సొంత ఖర్చుతో కెమెరాలు పెట్టి 30 రోజుల దృశ్యాలు దాచాలి. ఇక్కడా జనం ఇస్తున్నారు, పోలీసులు తీసుకుంటున్నారు. తమ కెమెరా వల్ల కేసు తేలిందో లేదో, ఆ దృశ్యాలు ఎవరు చూశారో కెమెరా పెట్టినవాళ్లకు చెప్పే పద్ధతి ఏర్పడలేదు.

మహిళల భద్రతలో సమస్య మరొకటి, కొనసాగింపు లేకపోవడం. 2019లో గ్రామ, వార్డు సచివాలయాలతో పాటు మహిళా సంరక్షణ కార్యదర్శులు వచ్చారు. వాళ్లనే మహిళా పోలీసులన్నారు, ఆ హోదాపై వివాదం కోర్టు దాకా వెళ్లింది. 2020లో దిశ యాప్ వచ్చింది, 2025 మార్చి 8న శక్తి యాప్ వచ్చింది. ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మారితే ఆపదలో ఉన్న ఆడపిల్ల ఏ మీట నొక్కాలి? గంజాయి విషయంలో భయం ఇంకో రకం. ఏజెన్సీ నుంచి దిగే సరుకు నగరం గుండానే పోతుంది. మాదకద్రవ్యాల కట్టడికి 2024లో ఏర్పాటైన ఈగల్ విభాగానికి 1972 నంబరు ఉంది. అయితే ఫలానా సందులో అమ్ముతున్నారని చెప్పిన తల్లి పేరు మర్నాటికి ఆ సందులో తెలియదన్న ధీమా ఉంటేనే ఆ ఫోన్ మోగుతుంది.

ఇంతకీ ఈ నగరానికి అన్నిటికన్నా పెద్ద ముప్పు దొంగల వల్ల కాదు. 1997 సెప్టెంబరు 14న హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో గ్యాస్ అంటుకుని అరవై మంది దాకా చనిపోయినప్పుడు మల్కాపురం వైపు జనం ఎటు పోవాలో తెలియక పరుగెత్తారు. 2020 ఆగస్టులో బీరుట్ రేవు పేలిన తర్వాతే, మన రేవు గుండా వచ్చే అమ్మోనియం నైట్రేట్ మీద ఇక్కడ గట్టిగా చర్చ జరిగింది. పొరుగునే అచ్యుతాపురంలో 2024 ఆగస్టు 21న ఎసైన్షియా ఫార్మాలో 17 మంది బలయ్యారు. పోలీసులు, ప్రజలు కలిసి చేయవలసిన పని ఏదైనా ఉందంటే ముందు ఇక్కడే ఉంది. దానికి కొత్త పథకం కూడా అక్కర్లేదు.

భోపాల్ తర్వాత వచ్చిన 1989 ప్రమాదకర రసాయనాల నియమావళి ప్రకారం, పెద్ద ప్రమాదానికి అవకాశమున్న కర్మాగారం పక్కన ఉండేవాళ్లకు ఆ ప్రమాదం ఎలాంటిదో, వస్తే ఏం చేయాలో, ఏం చేయకూడదో ముందే చెప్పి తీరాలి. 1996 నాటి రసాయన ప్రమాదాల నియమాలు ఇంకా ముందుకెళ్లాయి. ప్రతి పారిశ్రామిక ప్రాంతానికి ఒక స్థానిక సంక్షోభ బృందం ఉండాలి. అందులో ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్, అగ్నిమాపక అధికారి, వైద్యులు, స్థానిక పత్రిక సంపాదకుడు, ఊరి ప్రతినిధి, స్టేషన్ అధికారి ఒకే బల్ల చుట్టూ కూర్చోవాలి. నెలకోసారి కలవాలి, ఆరు నెలలకోసారి పూర్తిస్థాయి మాక్‌డ్రిల్ జరపాలి. స్టేషన్ అధికారికి, కాలనీ మనిషికి సమాన కుర్చీ వేసిన ఏర్పాటు మన చట్టాల్లో అరుదు. మన దగ్గర ఇది కాగితం దాటి కాలనీల్లోకి వచ్చి ఉంటే, ఆ తెల్లవారుజామున వెంకటాపురం వాళ్లకు గాలి ఎటు వీస్తే ఎటు పోవాలో, తడిగుడ్డ ముక్కుకు కట్టుకోవాలో లేదో కొంతైనా తెలిసి ఉండేది.

పట్టుదలగా చేస్తే ఇలాంటివి నిలుస్తాయి. మహారాష్ట్రలోని భివండిలో 1988 నుంచి పోలీసు అధికారి సురేశ్ ఖోపడే పేటల వారీగా మొహల్లా కమిటీలు పెట్టి, కానిస్టేబుళ్లను జనంతో కూర్చోబెట్టారు. మతకలహాలకు పేరుపడ్డ ఆ ఊరు, 1992–93లో ముంబయి మండిపోతున్నప్పుడు ప్రశాంతంగా ఉంది. కేరళ 2008లో మొదలుపెట్టిన జనమైత్రిలో బీట్ పోలీసు తన పరిధిలోని ప్రతి ఇంటికీ స్వయంగా వెళ్లాలి. ఇక పోలీసుల మీద ఫిర్యాదుకు జిల్లా స్థాయిలోనూ ప్రాధికార సంస్థ ఉండాలని సుప్రీంకోర్టు 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో ఆదేశించింది. ఫిర్యాదు చేసే హక్కుకు పూచీ లేనిచోట స్టేషన్ సమావేశానికి పిలిస్తే వచ్చేది స్టేషన్‌కు కావలసినవాళ్లే.

గోపాలపట్నం, మల్కాపురం, గాజువాక, చేపల రేవు. ఈ నాలుగు చోట్ల మొదలుపెట్టవచ్చు. ప్రతి నెలా ఒక నిర్ణీత తేదీన స్థానిక సంక్షోభ బృందం కాలనీ కమ్యూనిటీ హాల్లోనే కలవాలి. ఆ పరిధిలోని కర్మాగారాలు ఏ రసాయనం ఎంత నిల్వ ఉంచాయో తెలుగులో రాసి వార్డు సచివాలయం గోడకు అంటించాలి. కిందటి నెల జనం అడిగినవాటిలో ఏవి తీరాయో, ఏవి తీరలేదో, ఎందుకు తీరలేదో స్టేషన్ అధికారి పేరుతో అదే కాగితం మీద ఉండాలి. సైరన్ పరీక్ష రోజున కర్మాగారం లోపలివాళ్లే కాకుండా కాలనీవాళ్లు కూడా ఇళ్లలోంచి బయటికొచ్చి, చెప్పిన దారిన నడిచి, ఎంతసేపు పట్టిందో లెక్క రాసుకోవాలి.